గోడ ఆరితేనే రంగు నిలుస్తుంది

సంక్రాంతి దగ్గర పడుతుంటే ఇళ్లకు రంగులు మొదలవుతాయి. అవే మంచు రోజులు కూడా. చలికి రంగు ఆరదని చాలామంది భయపడతారు గానీ, మైదాన ప్రాంతాల్లో అసలు చిక్కు చలితో కాదు, చెమ్మతో. ఎమల్షన్లను సాధారణంగా 10 డిగ్రీల లోపు వేయొద్దంటారు. లంబసింగి లాంటి మన్యం ఊళ్లను పక్కనపెడితే, విజయవాడలోనో రాజమండ్రిలోనో పగలు అంత చలి ఉండదు. అక్కడ రంగును పాడుచేసేవి రెండు: రాత్రి పట్టే మంచు, వానలకు గోడ తాగిన నీరు.

ఎమల్షన్‌లో సన్నని యాక్రిలిక్ రేణువులు నీటిలో కలిసి ఉంటాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ముట్టుకుంటే చేతికి అంటకపోవడానికి అరగంట చాలు. పొర పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఈలోగా మంచు పడితే రంగులోని సబ్బులాంటి పదార్థాలు పైకి తేలి, ముదురు రంగు గోడ మీద జిగట చారికలై కనిపిస్తాయి. గాలి 20 డిగ్రీలు, తేమ 90 శాతం ఉన్న సాయంత్రం గోడ 18 డిగ్రీలకు చల్లబడితే చాలు, తడి పట్టేస్తుంది. ఇక గోడ లోపలి నీరు బయటికి వచ్చే దారిలో రంగును పొక్కులుగా లేపుతుంది.

మరి పెద్దవాళ్లు ఈ మంచు రోజుల్లోనే వెల్ల వేసేవారు కదా అనొచ్చు. నిజమే, కానీ సున్నం తీరు వేరు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు కాస్త తడి కావాలి. గోడ తడిపి మరీ వెల్ల వేసేది అందుకే. ఎమల్షన్‌కు ఆ పద్ధతి పనికిరాదు.

పండగ ఆగదు, పనివాళ్ల రోజుకూలీ ఆగదు అన్నది ఇంకో మాట. పొద్దున్నే గోకుడు, లోపలి గదుల లప్పం పని పెట్టుకుని, తూర్పు గోడ తడి ఆరాక పది గంటలకు బయట మొదలుపెట్టి మూడింటికి ఆపితే కూలీ వృథా కాదు. చలికాలంలో ఉత్తరపు గోడకు ఎండ తగలదు కాబట్టి దాన్ని నడిమధ్యాహ్నానికి ఉంచాలి. అనుమానముంటే గోడకు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించి, మర్నాడు తీసి చూడండి. లోపలివైపు నీటిబొట్లుంటే గోడ ఇంకా ఆరలేదు. కొత్త ప్లాస్టరింగుకైతే 28 రోజులన్నా గడువివ్వాలి. అలాంటి గోడకు పండగ పేరుతో తొందరపడితే, రంగు గోకి మళ్లీ వేయడానికి రెండో కూలీ ఇచ్చుకోవాలి. దానికంటే బయటి పని మాఘానికి వాయిదా వేయడమే చవక.