తెస్తే ఏమిస్తావ్?

'నాన్నా, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టవూ' అని ఏడేళ్ల కొడుకుని అడిగింది అమ్మ. 'తెస్తే ఏమిస్తావ్?' అన్నాడు వాడు. ఇంట్లో అందరూ పకపకా నవ్వారు. నెల తిరిగేసరికి స్నానానికో చాక్లెట్, హోంవర్క్‌కి రెండు, పాలు తాగితే అరగంట కార్టూన్లు... నవ్వు కాస్తా బేరమైపోయింది.

ఈ బేరం వాడెక్కడ నేర్చాడు? మన దగ్గరే! 'అన్నం తింటే చాక్లెట్', 'ఫస్ట్ ర్యాంక్ వస్తే సైకిల్' అంటూ ప్రతి పనికీ ముందే ధర కట్టింది మనమే కదా. అలాగని బహుమతి ఇవ్వడం తప్పేం కాదు. ఎప్పుడు, ఎందుకు, ఎలా ఇస్తున్నామన్నదే ముఖ్యం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 1973లో వెలువడింది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని మూడు జట్లు చేశారు. 'బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తాం' అని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. కొన్నాళ్లయ్యాక తరగతిలో స్కెచ్ పెన్నులు పెట్టి చూస్తే... ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పని వాళ్లకి కూలి పనైపోయింది!

మరేం చేయాలి?

* పాప తనంతట తానే ముగ్గు వేస్తుంటే, కథల పుస్తకం చదువుతుంటే మధ్యలో బహుమతి మాటెత్తకండి. ఆ సంతోషమే దానికి బహుమతి.

* పళ్లు తోముకోవడం, స్కూలు బ్యాగు సర్దుకోవడం లాంటి ఇష్టం లేని పనులకు బహుమతి ఆసరాగా పనికొస్తుంది. చేసిన ప్రతిరోజూ క్యాలెండర్‌లో ఓ చుక్క పెట్టించండి. పది చుక్కలైతే నాన్నతో పార్కుకి షికారు. అలవాటయ్యాక చుక్కలు మెల్లగా మానేయండి.

* షాపులో కింద పడి దొర్లుతుంటే నోరు మూయించడానికి బొమ్మ కొన్నారా? అది మంచి నడతకిచ్చిన బహుమతి కాదు, మారానికిచ్చిన బహుమతి. రేపు ఇంకా గట్టిగా ఏడుస్తారు.

* 'కూర తింటే ఐస్‌క్రీమ్' అన్నామంటే కూర శిక్ష అని మనమే చెప్పినట్టు.

* 'గుడ్ బాయ్' అని ఊరుకోకుండా ఏం బాగా చేశారో చెప్పండి. 'చెల్లి ఏడుస్తుంటే నీ బంతి ఇచ్చావు, అదెంత సంబరపడిందో చూశావా!' అంటే ఆ మాట గుర్తుండిపోతుంది.

* మంచి పనికిచ్చిన వస్తువుని తర్వాతి అల్లరికి శిక్షగా లాక్కోకండి. మాట మీద నమ్మకం పోతే ఏ బహుమతీ పనిచేయదు.

ఈసారి మీవాడు 'తెస్తే ఏమిస్తావ్?' అంటే 'ఏమీ ఇవ్వను నాన్నా. కాళ్లు నొప్పులుగా ఉన్నాయి, నువ్వు తెస్తే నాకు లేచే పని తప్పుతుంది' అని చెప్పి చూడండి. మొదటిరోజు మొహం ముడుచుకోవచ్చు. రెండోరోజు విననట్టు నటించొచ్చు. కోప్పడకండి, కొత్త ధర మాత్రం చెప్పకండి. అమ్మ కాళ్లనొప్పి కూడా లెక్కలోకి వస్తుందని వాడికి తెలియడానికి కాస్త సమయం పడుతుంది. గ్లాసు తెచ్చిన రోజున మాత్రం చాక్లెట్ కోసం లేవకండి. పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు.