స్మార్ట్ థర్మోస్టాట్‌కు మూడో తీగ ఎందుకు?

అమెరికాలో చాలా పాత ఇళ్ల గోడలపై కనిపించే థర్మోస్టాట్ నిజానికి ఒక స్విచ్ మాత్రమే. గది చల్లబడితే లోపలి ద్విలోహ చుట్ట కదిలి, గాజు గొట్టాన్ని ఒరిగిస్తుంది. అందులోని పాదరసం ఆర్, డబ్ల్యూ అనే రెండు తీగలను కలుపుతుంది. ఫర్నేస్ ఆన్ అవుతుంది.

స్మార్ట్ థర్మోస్టాట్‌కు వైఫై, తెర ఉంటాయి కాబట్టి ఎప్పుడూ కరెంటు కావాలి. 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లే దారి 'సి' తీగ. అది లేకపోతే కొన్ని రకాలు హీటింగ్ తీగ నుంచే కొద్దికొద్దిగా కరెంటు లాక్కుంటాయి. అది చాలక బ్యాటరీ అయిపోతే, గడ్డకట్టే చలిలో హీటింగ్ ఆగిపోవచ్చు. వాడని తీగ గోడలో ఉందేమో చూడండి. లేకుంటే అడాప్టర్ అమర్చాలి.

ముందుగా బ్రేకర్ ఆపండి. తీగ రంగును కాదు, అది బిగించిన అక్షరాన్ని నమ్మండి. తీగలు లావుగా ఉంటే అవి 120 లేదా 240 వోల్టులవి కావచ్చు; ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాదరసం గొట్టాన్ని మాత్రం చెత్తబుట్టలో వేయకండి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.