ఈవీ స్టీరింగ్ బరువెక్కిందా? ర్యాక్ మార్చమనే ముందు ఇవి చూడండి

మొన్న వానల్లో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర యూటర్న్ తీసుకున్నా. స్టీరింగ్ తిప్పడానికే భుజాలు లాగేశాయి. సరే, తిప్పాం కదా అని చేతులు వదులు చేస్తే అది వెనక్కి రాలేదు. మామూలుగా మలుపు అయిపోగానే దానంతటదే సూటిగా వచ్చేస్తుంది. ఆ రోజు అలాగే బిగుసుకుపోయింది, కారేమో డివైడర్ వైపు పోతోంది. రెండు చేతులతో గుంజి పక్కకి తెచ్చుకున్నా.

సర్వీస్ సెంటర్‌లో ఐదు నిమిషాలు చూసి, "స్టీరింగ్ ర్యాక్ పోయింది సార్, 72 వేలవుద్ది" అన్నారు. వారంటీ అయిపోయిన కారు. ఏం కోడ్ వచ్చిందని అడిగితే, కోడ్ ఏమీ రాలేదన్నారు. అక్కడే నాకు డౌట్ కొట్టింది.

అసలు సంగతి ఇది. పాత పెట్రోల్ కార్లలో స్టీరింగ్‌కి సాయం చేసేది ఆయిల్ పంపు. దాన్ని ఇంజిన్ బెల్టు తిప్పేది. ఈవీలో ఇంజినే లేదు కాబట్టి ఆ పని ఒక చిన్న మోటారు చేస్తుంది. మీరు స్టీరింగ్‌ని ఎంత బలంగా తిప్పుతున్నారో ఒక సెన్సర్ కనిపెట్టి చెబుతుంది, దాన్నిబట్టి మోటారు తోస్తుంది. ఆ మోటారుకి కరెంటు సాధారణంగా కింద ఉన్న పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా రాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ లైన్ నుంచి వస్తుంది. చాలామంది మర్చిపోయేది ఈ ఒక్క ముక్కే. ఫోన్‌లో 80 శాతం చార్జింగ్ చూపిస్తున్నా, చిన్న బ్యాటరీ నీరసపడితే స్టీరింగ్ బరువెక్కొచ్చు.

మొదట డ్రైవ్ మోడ్ చూడండి. నవ్వకండి, కొన్ని ఈవీల్లో స్పోర్ట్ మోడ్ పెడితే స్టీరింగ్ కావాలనే గట్టిగా అవుతుంది. తమ్ముడో, ఫ్రెండో తీసుకెళ్లి మోడ్ మార్చి తెచ్చిచ్చిన కేసులు బోలెడు.

తర్వాత గాలి. ఈవీలో బ్యాటరీయే కొన్ని వందల కిలోలు ఉంటుంది, ఆ బరువంతా టైర్ల మీదే. ముందు టైర్లలో గాలి తగ్గితే పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పడం నరకం. ఎంత పట్టాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. పొద్దున్నే, బండి నడపకముందు చూసిన లెక్కే లెక్క.

ఇక చిన్న బ్యాటరీ. లెడ్ యాసిడ్ రకం అయితే, కారు ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర రావాలి. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే తక్కువైతే చార్జి అయిపోయినట్టే, లేదా దాని ఆయుష్షు తీరినట్టు. కారు ఆన్ చేసి రెడీ అన్నాక 13.5 నుంచి 14.5 మధ్య చూపించకపోతే, పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని చార్జ్ చేసే కన్వర్టర్ మీద అనుమానపడాలి. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు, అవి హై వోల్టేజీవి.

ఇంకో చిన్న విషయం. ఇరుకు సందులో బండిని ముందుకీ వెనక్కీ పదిసార్లు చేసి, స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే మోటారు వేడెక్కి సాయం తగ్గించేస్తుంది. కాసేపు ఆగితే మామూలైపోతుంది. అది రిపేరు కాదు.

ఇవన్నీ బాగానే ఉండి డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ వెలిగితే, అప్పుడు స్కానర్ పని. కోడ్ ఏంటో, ఎందుకు వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. ఎర్రగా వెలిగితే బండి కదపొద్దు. నడుస్తుండగా సాయం పోతే కంగారు పడకండి, చక్రాలతో లింకు తెగదు. కానీ వేగం తగ్గేకొద్దీ స్టీరింగ్ ఇంకా బరువవుతుంది, అందుకని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మెల్లగా పక్కకి తీయండి.

అన్నీ ర్యాక్ పాపాలే కావు. అమెరికాలో టెస్లా 2022లో 2017–2021 మధ్య తయారైన మోడల్ ఎస్, ఎక్స్ కార్లు 40 వేలకు పైగా రీకాల్ చేసింది. గుంతల్లో కుదుపులకి స్టీరింగ్ సాయం పోవచ్చని. ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ పంపి సరిచేశారు. అంతకుముందు 2018లో మోడల్ ఎస్‌లు సుమారు 1.23 లక్షలు వెనక్కి పిలిచింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి స్టీరింగ్ మోటారు బోల్టులు తుప్పు పట్టొచ్చని. ఒకటి సాఫ్ట్‌వేర్, ఇంకోటి తుప్పు.

నాదీ తుప్పే. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ అన్న దగ్గరికి వెళ్తే, "గాలి చూశావా తమ్ముడూ?" అన్నాడు ముందు. కుడి పక్క ముందు టైర్లో 33 ఉండాల్సింది 24 ఉంది. సిగ్గేసింది. గాలి పట్టించాక కాస్త తేలికైంది, కానీ వెనక్కి రావడం మాత్రం లేదు. బండి ముందు భాగం లేపి స్టాండ్ల మీద పెట్టి చేత్తో మెల్లగా తిప్పాడు. "చూడు, ఒక రౌండుకి రెండు చోట్ల పట్టేస్తోంది. ర్యాక్ అయితే ఇలా ఉండదు."

స్టీరింగ్ రాడ్డు కింద వంపు తిరిగే చోట ఉండే జాయింట్ అది. వాన నీళ్లకి గ్రీజు పోయి తుప్పు పట్టింది. రాడ్డు విడదీసి చేత్తో ఆడిస్తే ఒకవైపు హాయిగా కదులుతోంది, రెండోవైపు రాయిలా ఉంది. నూనె స్ప్రే కొడితే సరిపోదా అంటే, "రెండు వారాలు సరిపోద్ది" అన్నాడు. ఉన్న కాస్త గ్రీజునీ అది కడిగేస్తుందట.

స్టీరింగ్ తిప్పేటప్పుడు స్ప్రింగ్ దగ్గర టంగుమని చప్పుడొస్తే షాకబ్జార్ పైన ఉండే బేరింగ్, అదే బిగుతు చప్పుడు లేకుండా ఉంటే కింది బాల్ జాయింట్ కూడా చూడాలని చెప్పాడు. నాకు వాటి అవసరం రాలేదు.

జాయింటు, కూలీ, వీల్ అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఆరు వేల ఎనిమిది వందలు. రాడ్డు విప్పాం కాబట్టి స్కానర్‌తో స్టీరింగ్ సెన్సర్‌ని మళ్లీ సున్నాకి సెట్ చేయించాలన్నాడు, లేకపోతే బండి ఒకవైపు లాగినట్టు ఉంటుందట. దానికి ఇంకో ఐదొందలు. అది అయ్యాక అదే యూటర్న్‌కి వెళ్లి చేతులు వదులు చేసి చూశా. వెనక్కి వచ్చేసింది.