రంపపు పొట్టులోంచి లేచిన అల్మరా

చెట్టును నరికి ఇంటి సామానుగా మార్చేలోపు అందులో దాదాపు సగం దారిలోనే పోతుంది. కోతమిల్లులో రాలే పొట్టు, చిత్రిక పడుతుంటే లేచే పొరలు, ఏ కొలతకూ పనికిరాని తుండు ముక్కలు. ఇవన్నీ తరతరాలుగా పొయ్యిలోకే వెళ్లేవి. జర్మనీలోని కార్ల్స్‌రూలో పుట్టిన ఇంజనీరు మాక్స్ హిమ్మెల్‌హేబర్‌కు ఈ వృథా నచ్చలేదు. చెక్కను చిన్న చిన్న పెచ్చులు చేసి, వాటికి రెసిన్ జిగురు పట్టించి, వేడి ప్రెస్సు కింద గట్టిగా నొక్కితే ఏమవుతుందో 1930ల్లో చూశాడు. పలక తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1941లో బ్రెమెన్ నగరంలో దాన్ని పెద్ద ఎత్తున చేసే ఫ్యాక్టరీ మొదలైంది. మంచి కలపకు కరువొచ్చిన రోజులవి. ఆ కరువే ఈ పలకకు బతుకునిచ్చింది.

మనం పార్టికల్ బోర్డు అంటున్నది దీన్నే. మనవైపు చాలామంది వడ్రంగులు నోవోపాన్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రెడ్ ఫార్నీ తయారుచేసిన మూడు పొరల పలకకు వ్యాపార నామం అది. ఆ పేరుతోనే హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో ఫ్యాక్టరీ కూడా వెలిసింది. ఇవాళ మన ఇళ్లకు అట్టపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే టేబుళ్లు, వార్డ్‌రోబ్‌లు, టీవీ స్టాండ్లు, పుస్తకాల అల్మరాల్లో ఎక్కువ భాగం ఈ పలకతోనో, చెక్క నారను నొక్కి చేసే దీని తమ్ముడు ఎండీఎఫ్‌తోనో చేసినవే. అవి మూణ్ణాళ్ల ముచ్చటని పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. వాళ్ల అనుభవాన్ని కాదనలేం. అయితే ఈ సామాను ఎందుకు పాడవుతుందో చూస్తే, కారణాల్లో చాలా వాటిని మన చేతులతోనే ఆపవచ్చని తెలుస్తుంది. అందుకే దీని పుట్టుకను, లోపలి కట్టడాన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

సామానును విప్పి పెట్టెలో పంపాలన్న ఆలోచన పార్టికల్ బోర్డు కంటే చాలా ముందే పుట్టింది. మైఖేల్ థోనెట్ అనే వడ్రంగి బీచ్ కలపను ఆవిరి పట్టి వంచే విద్య సాధించి, 1859లో తన 14వ నంబరు కుర్చీని మార్కెట్లోకి తెచ్చాడు. ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే కుర్చీ. విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడల్లో ఖాళీ గాలిని మోయించి దానికి కిరాయి కట్టే అవసరం తప్పింది. ఆస్ట్రియాలో పుట్టిన ఆ కుర్చీ యూరప్ కాఫీ హోటళ్లన్నిటికీ పాకింది. దాని కలప మాత్రం నిఖార్సయిన గట్టి కలప. విప్పి బిగించినంత మాత్రాన సామాను బలహీనపడదని చెప్పడానికి, నూరేళ్లు దాటినా కూర్చోవడానికి పనికొస్తున్న ఆ పాత కుర్చీలే సాక్ష్యం.

రెండో మలుపు స్వీడన్‌లో వచ్చింది. ఇంగ్వర్ కాంప్రాడ్ 1943లో, తన పదిహేడో ఏట ఐకియా పెట్టాడు. మొదట్లో పెన్నులు, పర్సుల వంటి చిల్లర సరుకులు అమ్మి, తర్వాత ఫర్నిచర్‌లోకి దిగాడు. 1956లో ఆ సంస్థలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఆకు ఆకారంలో ఉన్న ఒక టేబుల్‌ను కారులో ఎక్కించబోతే పట్టలేదు. కాళ్లు ఊడదీసి పెట్టాడు. అక్కడినుంచి ఆ సంస్థ నడకే మారిపోయింది. అదే లుండ్‌గ్రెన్ 1979లో బిల్లీ అనే పుస్తకాల అల్మరాకు రూపమిచ్చాడు. వెడల్పు 80 సెంటీమీటర్లు, ఎత్తు 202, లోతు 28. పార్టికల్ బోర్డుతో చేసిన ఈ సాదాసీదా డబ్బా ఇప్పటికి 6 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పుస్తకాలు కొనే స్తోమత ఉండి, వాటిని పెట్టుకునే చోటుకు డబ్బు చాలని మనుషులకు ఇది చేసిన మేలు చిన్నది కాదు. ఐకియా మన దేశంలో తొలి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లోనే తెరిచింది. అప్పటికే ఆన్‌లైన్ కంపెనీలు, ఊళ్లలోని ఫర్నిచర్ షోరూములు ఇలాంటి సరుకునే మనకు అలవాటు చేశాయి.

ఇక పలక లోపలికి వెళదాం. పార్టికల్ బోర్డు అంచును కోసి చూస్తే పైనా కిందా మెత్తటి పొడి దట్టంగా అతుక్కుని కనిపిస్తుంది. నడుమ ముతక పెచ్చులు, వాటి మధ్య సన్నటి ఖాళీలు ఉంటాయి. వంగే పలకలో లాగుడూ నొక్కుడూ ఎక్కువగా పడేది పైపొరల మీదే కాబట్టి అక్కడ బలం పెట్టి, నడుమ బరువు తగ్గించారు. తెలివైన కట్టడమే. కానీ స్క్రూ దిగేది, నీరు పీల్చేది ఆ నడుమ భాగమే.

నీరు చేసే పని చూడండి. ప్రెస్సు కింద నలిగిన ప్రతి పెచ్చూ తన అసలు మందాన్ని పోగొట్టుకుని అణిగి ఉంటుంది. దాన్ని అలా అణిచి ఉంచేది జిగురు. ఇంటి లోపలి సామానుకు వాడే పలకల్లో ఎక్కువగా ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్ రెసిన్. ఇది చవక, రంగు పట్టదు, త్వరగా గట్టిపడుతుంది. అయితే తేమ, వేడి కలిసి వస్తే దాని బంధాలు మెల్లగా తెగిపోతాయి. నీరు తగలగానే పెచ్చులు ఉబ్బుతాయి, అదే సమయంలో జిగురు పట్టు సడలుతుంది, అణిగి ఉన్న చెక్క తన పాత మందానికి లేచి వస్తుంది. ఎండబెడితే నీరు పోతుంది కానీ ఉబ్బు పోదు. టేకు తలుపు వానాకాలం బిగుసుకుని వేసవికి మళ్లీ సర్దుకుంటుంది. ఈ పలకకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి ఉబ్బిన చోట అణిగే ప్రశ్నే లేదు.

మన ఇళ్లలో నేల తుడవడమంటే తడిగుడ్డ, పండగొస్తే బకెట్ల కొద్దీ నీళ్లు. వార్డ్‌రోబ్ అడుగుపలక నేలను తాకుతూ ఉంటే, రోజూ ఆ తడి అంచు గుండా లోపలికి ఎక్కుతుంది. పలక పైన అతికించిన లామినేట్ నీటిని బాగానే ఆపుతుంది. కాబట్టి ప్రమాదమంతా అంచుల్లోనే, పట్టీ అతికించని వెనకవైపు కోతల్లోనే, కేబుల్ కోసం తొలిచిన రంధ్రంలోనే ఉంటుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలోనైతే గాలిలోని తేమే ఏడాది పొడవునా పని చేస్తూ ఉంటుంది. బాత్రూము గోడకు ఆనించిన అల్మరా అన్నిటికంటే ముందు పోవడంలో వింతేమీ లేదు.

ఇలాంటి అల్మరాను కాళ్ల మీద నిలబెట్టాలి. స్టీలువో, ప్లాస్టిక్‌వో, నాలుగు వేళ్ల ఎత్తున్నా చాలు. పట్టీ లేని అంచులకు బిగించే ముందే రెండు పూతలు వార్నిష్ వేయాలి. గోడకూ అల్మరాకూ మధ్య గాలి ఆడాలి. తేమను ఇంకా బాగా తట్టుకునే మెలమైన్ కలిపిన జిగురు పలకలూ దొరుకుతాయి కాబట్టి, వంటగదికి కొనేవారు అవే అడగాలి. ఈ పనులకు అయ్యే ఖర్చు అల్మరా ధరలో చిన్న వంతు. దుకాణాలవాళ్లు ఈ మాట కొనేవారికి అమ్మేటప్పుడే చెప్పాలని, తయారీదారులు మన వాతావరణానికి తగ్గట్టు అంచులన్నీ మూసి పంపాలని నేను గట్టిగా కోరుకుంటాను. వెనకవైపు కనిపించదు కదా అని అక్కడి అంచులు వదిలేయడం పొదుపు కాదు, ఆ సామాను ఆయుష్షును కోసేయడం.

రెండో గండం కీళ్ల దగ్గర ఉంది. పాత వడ్రంగం ఒక చెక్క కొసను చెక్కి మరో చెక్క గాడిలోకి దిగగొట్టేది. పెట్టెలో వచ్చే సామానులో ఆ పనిని ఒక లోహపు బోల్టు, గుండ్రటి క్యామ్ చేస్తాయి. బోల్టు ఒక పలక ముఖంలోకి దిగుతుంది, దాని తల రెండో పలకలో కూర్చున్న క్యామ్‌లోకి వెళుతుంది. స్క్రూడ్రైవర్‌తో క్యామ్‌ను అరచుట్టు తిప్పితే లోపలి వంపు బోల్టు తలను తనవైపు లాగి, రెండు పలకలనూ దగ్గరకు బిగిస్తుంది. పక్కనే ఉండే చిన్న కర్ర డోవెల్ పలకలు పక్కకు జారకుండా చూస్తుంది. వడ్రంగం రాని మనిషి కూడా అల్మరా నిలబెట్టగలుగుతున్నాడంటే దీని చలవే.

గట్టి కలపలో స్క్రూ మరలు పొడవాటి నారల మధ్య ఇరుక్కుంటాయి. పార్టికల్ బోర్డులో పొడవాటి నార లేదు. మర పట్టుకున్నది పెచ్చులను, పెచ్చుల మధ్య జిగురును. మొదటిసారి బిగించినప్పుడు ఆ పట్టు సరిపడా ఉంటుంది. ఊడదీసి మళ్లీ బిగిస్తే రంధ్రం గోడలు కొంత రాలతాయి. మూడోసారికి బోల్టు వట్టిగా తిరుగుతుంది. పలక అంచులో దిగిన స్క్రూ అయితే ముఖంలో దిగినదానికంటే ముందే వదిలేస్తుంది. బిగించినా విప్పినా, కరెంటు డ్రిల్లు పూర్తి వేగంతో తిప్పితే పని మరింత చెడుతుంది. ఆఖరి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి.

ఈ సామాను ఎక్కువగా చచ్చిపోయేది ఇల్లు మారే రోజునే. అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలు, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు మారే యువత, అమెరికాలో లీజు అయిపోగానే అపార్ట్‌మెంట్ వదిలే మన విద్యార్థులు, అందరిదీ ఒకటే కథ. దీన్ని ఒకసారి బిగించి ఒకచోట నిలబెట్టడానికి రూపొందించారు. మాటిమాటికీ విప్పడానికి కాదు. తక్కువ దూరమైతే విప్పకుండా, లోపల ఖాళీ చేసి, ఇద్దరు మనుషులు ఎత్తి మోయడమే మేలు. ఈడ్చితే కీలు మీద పక్కకు పడే ఒత్తిడికి క్యామ్ గూడు పగులుతుంది. వదులైన రంధ్రాన్ని బాగుచేయవచ్చు. సన్నటి చెక్క పుల్లలకు ఫెవికాల్ పట్టించి రంధ్రం నింపి, ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్లీ సన్నగా తొలిచి బిగిస్తే పట్టు తిరిగొస్తుంది. ఇక కదిలించే పని లేదనుకున్న అల్మరాకైతే మొదట్లోనే డోవెల్‌లకు జిగురు రాసేయడం మంచిది.

వెనక బిగించే మూడు మిల్లీమీటర్ల పలుచటి పలకను చాలామంది అందానికి అనుకుంటారు. విలియం మేసన్ అమెరికాలో 1924లో కనిపెట్టిన హార్డ్‌బోర్డు వంశానిది అది. నాలుగు పలకల చట్రం పక్కకు ఒరిగిపోకుండా ఆపేది అదొక్కటే. మేకులు సామానుతో వచ్చే సూచనల కాగితంలో చెప్పినన్ని కొట్టకపోతే, తలుపులు సరిగా పడకపోవడం, కీళ్లు ఒక్కొక్కటిగా వదులవడం అక్కడే మొదలవుతుంది.

మూడో గండం అర వంగిపోవడం. దానికీ ఒక లెక్క ఉంది. సమానంగా పరిచిన బరువు కింద పలక వంగుడు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మందం మూడో ఘాతంతో తగ్గుతుంది. మీటరుకు అంతే బరువు పెట్టి అర పొడవును రెట్టింపు చేస్తే వంగుడు పదహారు రెట్లు. 18 మిల్లీమీటర్ల పలక బదులు 25 మిల్లీమీటర్లది వాడితే రెండున్నర రెట్లకు మించి తగ్గుతుంది. వంగుడును ఎదిరించే బిగువులో పార్టికల్ బోర్డు టేకులో సుమారు నాలుగో వంతే. పైగా బరువు అలాగే ఉంటే ఏళ్ల తరబడి ఇంకా ఇంకా వంగుతుంది, తేమ ఎక్కువైతే ఆ వంగుడు మరింత వేగంగా సాగుతుంది. 80 సెంటీమీటర్ల బిల్లీ అరకు తయారీదారు చెప్పే గరిష్ఠ బరువు 30 కిలోలు. మామూలు నవలలు ఒక వరుస పేర్చితే ఫర్వాలేదు. నిగనిగలాడే కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు, లావుపాటి నిఘంటువులు నింపితే హద్దు దాటుతుంది. బరువైనవి అంచులకు, తేలికైనవి నడుమ పెట్టండి. ఏడాదికొకసారి అరను తిరగేసి పెడితే వంగుడు కొంత సర్దుకుంటుంది.

ఈ పలక జీవితంలో ఒక చీకటి అధ్యాయమూ ఉంది. జిగురులోని ఫార్మాల్డిహైడ్ కొద్దికొద్దిగా గాలిలోకి వస్తుంది. 1992లో జర్మనీలో బిల్లీ అల్మరా నుంచి అది హద్దు మించి వస్తోందని వార్తలొచ్చాయి. కారణం పలక కాదు, దాని మీది పూత అని తేలింది. ఐకియా అమ్మకాలు ఆపాల్సి వచ్చింది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రసాయనాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. వేడికీ తేమకూ ఇది ఎక్కువగా వెలువడుతుంది కాబట్టి మన వాతావరణంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. కొనేటప్పుడు, ఈ రసాయనం తక్కువగా వెలువడుతుందని చెప్పే ఈ1 గుర్తు ఉందో లేదో అడగండి. మన ప్రమాణాల్లో మామూలు పార్టికల్ బోర్డుకు ఐఎస్ 3087, లామినేట్ అతికించి వచ్చేదానికి ఐఎస్ 12823 ఉన్నాయి. కొత్త సామాను వచ్చాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచండి, పసిపిల్లలను ఆ గదిలో పడుకోబెట్టకండి.

ఈ పలకను కనిపెట్టిన హిమ్మెల్‌హేబర్ తర్వాతి కాలంలో ప్రకృతి గురించి, యంత్ర నాగరికత హద్దుల గురించి లోతుగా ఆలోచించాడు. 1971లో అదే విషయాల మీద షైడెవేగె అనే పత్రికను ప్రారంభించినవారిలో ఒకడు. చెట్టులో ముక్క కూడా వృథా కాకూడదని మొదలుపెట్టిన మనిషి చేసిన పలకను మనం రెండేళ్లకోసారి చెత్తకుప్పలో పారేస్తే, ఆ పొదుపుకు అర్థమేముంది? జిగురు కలిసిన ఈ చెక్కను పొయ్యిలో కాల్చడం కూడా మంచిది కాదు, ఆ పొగ విషం. కాబట్టి ఉన్నదాన్ని ఎక్కువ కాలం వాడుకోవడమే దీని విషయంలో సరైన పర్యావరణ ధర్మం.

ఇంకొక్క మాట, అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ సామాను తేలిక. సొరుగులన్నీ ఒకేసారి లాగినా, పిల్లవాడు వాటిని మెట్లుగా చేసుకుని ఎక్కినా ముందుకు ఒరిగిపోతుంది. అమెరికాలో సొరుగుల బీరువాలు మీద పడి పసిపిల్లలు చనిపోయాక, 2016లో ఐకియా అక్కడ 2.9 కోట్ల బీరువాలను వెనక్కి పిలిచింది. 2022 చివర్లో అక్కడ దీనికోసం ప్రత్యేక చట్టమే వచ్చింది. పెట్టెలో మరల సంచీతో పాటు గోడకు బిగించే చిన్న పట్టీ ఒకటి వస్తుంది. మిగిలిపోయిన సామానని దాన్ని డ్రాయర్లో పడేయకండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే, అల్మరా నిలబెట్టిన రోజే గోడకు బిగించండి.