కలకత్తా సైకిలు వీరులు

'కుంతలీన్' తలనూనెతో వంగదేశమంతట పేరుగాంచిన హేమేంద్ర మోహన్ బోస్, సైకిలు ఇంకను వింతవస్తువుగా నున్న దినములలో కలకత్తా నగరమున దాని వర్తకమునకు పూనుకొనుటయేగాక, జగదీశ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి శాస్త్రజ్ఞులకు సైకిలు తొక్కుట స్వయముగా నేర్పెను. అదే నగరమువాడైన నితాయి బసాక్, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండుచున్న తరుణమున, 1948 లండను ఒలింపిక్సులో భారత సైకిలు జట్టున నిలిచెను. 1952లో హెల్సింకికి మరల వెళ్లెను. ఆ రెండవ జట్టులో సుప్రభాత్ చక్రవర్తి, తడిత్ కుమార్ సేట్ కూడ నుండిరి. వారు పతకములు తేలేదు. అయినను వారెంచుకొనిన మార్గమెంత కఠినమో తెలిసినవారు వారిని తక్కువగా తలపరు.

సైకిలు పందెములు ప్రధానముగా రెండు విధములు: రోడ్డు పందెము, ట్రాకు పందెము. లండనులో మొదటిది విండ్సరు ఉద్యానమున 194 కిలోమీటర్ల దూరము సాగెను; రెండవది హెర్న్ హిల్ అను పాత వెలోడ్రోమున, అనగా సైకిలు పందెములకై కట్టిన ట్రాకుపై, జరిగెను. ట్రాకు సైకిలునకు బ్రేకులుండవు. వెనుక చక్రము పెడళ్లతో బిగిసియుండుటచే, చక్రము తిరిగినంతసేపు పాదములును తిరుగవలసినదే. నేటి 250 మీటర్ల ట్రాకుపై మలుపులు గోడవలె లేచియుండును. ఆ మలుపులపై వేగము తగ్గినచో చక్రము జారును. స్ప్రింటు పందెమున ముందు పోవువాడు గాలినెదుర్కొనగా వెనుకవాడు వాని చాటున బలము దాచుకొనును గనుక, ఇరువురును ముందునకు పోవుట కిష్టపడక, ఒక్కొక్కప్పుడు సైకిళ్లపైననే కదలక మెదలక నిలిచి, ఒకరి భుజముల కదలిక నొకరు కనిపెట్టుచుందురు. అంతలో ఒకడు దూకును. తుది 200 మీటర్లు పది పదకొండు సెకండ్లలో ముగియును. రోడ్డు పందెమున నిదే గాలి గంటల తరబడి వేధించును. నాయకుని గెలిపించుటకై తోడివారు వంతులవారీగా ముందు నడచి అలసిపోవుదురు. పేరొకనిది, చెమట పదిమందిది.

ఇట్టి శ్రమకు జీవనోపాధి ఏది? ఐరోపాలో వ్యాపార సంస్థలు జట్లను పోషించును. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ ఆ వ్యవస్థకు శిరోమణి. జపానులోని కోకురా పట్టణమున, బసాక్ లండనుకు వెళ్లిన 1948లోనే, కెయిరిన్ అను పందెము పుట్టి, వేలకొలది ఆటగాండ్రకు అన్నము పెట్టు వృత్తియైనది. ఒలింపిక్సులో మాత్రము సైకిలు పందెములందు వృత్తిక్రీడాకారులకు 1996 అట్లాంటా వరకు ప్రవేశము లేకుండెను. మన దేశమున సైకిలు వీరునకు నేటికిని ప్రధానాధారము రైల్వేలలోనో సైన్యములోనో దొరకు ఉద్యోగమే. అయినను 2018లో నికోబారు దీవుల యువకుడు ఎసో ఆల్బెన్ జూనియర్ల ప్రపంచ పోటీలలో కెయిరిన్ రజతమును, 2022లో మణిపురమువాడైన రొనాల్డో సింగ్ ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీలలో స్ప్రింటు రజతమును గెలిచిరి. సామర్థ్యము లేదనుటకు వీలులేదు.

ఐతే వీరుడు వెలోడ్రోములో పుట్టడు, వీథిలో పుట్టును. పాలు, పత్రికలు, కూరగాయలు మోయు సైకిళ్లనుండియే పందెపు సైకిలు ఎదుగవలెను. 2013లో కలకత్తా పోలీసులు 174 వీథులలో సైకిళ్లను నిషేధించిన వార్త చదివినప్పుడు, నష్టపోయినది పాలవాడొక్కడే కాదని, ఆ వీథులలో తొక్కుట నేర్వవలసిన భావి బసాకు కూడ ననియు నాకు తోచెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో వెలోడ్రోము గల మన తెలుగువారికిని ఈ మాట వర్తించును: కట్టిన ట్రాకు చాలదు, దానియొద్దకు బాలుడు సైకిలుపై నిర్భయముగా చేరగల దారి కావలెను. ఆ దారిని మన ఊళ్లలో అడిగి సాధింపుడు.