గడపకు వచ్చిన కేన్సర్ పరీక్ష: ఆపై దారే దూరం

రాజమహేంద్రవరం: గోదావరి లంకల్లో పండే పొగాకుకు, దానితో చుట్టే చుట్టకు ఎంత పేరుందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను నెలకొల్పింది కూడా రాజమహేంద్రవరంలోనే. ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టిన ఆ పొగాకే, చుట్టగానో కాడగానో నోట చేరి, ఎందరికో పుండై కూర్చుంది.

పెద్దలు ఈ జబ్బును రాచపుండు అనేవారు. ఆ మాట పైకి అనడానికే జంకేవారు. ఇప్పుడు కేన్సర్ అంటున్నా జంకు మాత్రం పూర్తిగా పోలేదు. అందుకే రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, ఆసుపత్రే రోగి గడపకు వెళ్లాలన్న ఆలోచన బలపడింది. 2024 నవంబరులో రాష్ట్రమంతటా ఇంటింటి కేన్సర్ పరీక్షలు మొదలయ్యాయి. 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో కేన్సర్ రోగులు ఎక్కువగా ఉన్నారన్న విషయం శాసనసభలో ప్రస్తావనకు వచ్చింది. వెంటనే వైద్య బృందాలు ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు జరిపాయి. జబ్బుకు కారణమేమిటో తేల్చడం ఒక పని, జబ్బు ఉన్నవారిని ముందుగా పట్టుకోవడం మరో పని. మొదటిది తేలేదాకా రెండోది ఆగరాదు.

మూడు పరీక్షలు

ఈ కార్యక్రమంలో వయోజనులను చూస్తారు. స్త్రీ పురుషులిద్దరికీ నోటి పరీక్ష, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేస్తారు. వీటిలో వేటికీ పెద్ద యంత్రాలు అక్కరలేదు. నోటి పరీక్షకు టార్చి లైటు చాలు. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా కలిపి పూస్తారు. నిమిషం ఆగి చూస్తే, తేడా ఉన్న చోట తెల్లమచ్చ తేలుతుంది. నొప్పి ఉండదు, కోత ఉండదు.

ఇంత చిన్న పరీక్షతో ఏమవుతుందని కొందరికి సందేహం. దానికి ముంబయి మురికివాడలే జవాబు. అక్కడ టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు పదో తరగతి చదివిన మహిళలకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి ఈ పూత పరీక్ష చేయించారు. సుమారు లక్షన్నర మంది స్త్రీలపై సాగిన ఈ పరిశీలన ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పరీక్షలు జరిగిన వాడల్లో గర్భాశయ ముఖద్వార కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కేరళలో తిరువనంతపురం దగ్గరి పంచాయతీల్లో ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూసినందువల్ల, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో వెల్లడైంది.

శ్రీకాకుళం అనుభవం

తెలుగు పల్లెలకు ఈ పని కొత్తది కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ముఖ్యంగా ఆడవారిలో ఎక్కువ. దీనివల్ల అంగిలికి కేన్సర్ వస్తోందని వైద్యులు గుర్తించారు. 1970 దశకంలో బొంబాయి టాటా పరిశోధన సంస్థ దంత వైద్యులు శ్రీకాకుళంతో పాటు కేరళ, గుజరాత్‌లలోని చెరొక జిల్లాలో సుమారు 36 వేల మంది పొగాకు వాడేవారిని ఎంచుకున్నారు. ఏటా ఇంటికి వెళ్లి నోరు చూశారు, మానమని నచ్చజెప్పారు. సినిమాలు, రేడియో, గోడపత్రికలూ వాడారు. అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో నోటి తెల్లమచ్చలు తగ్గాయి. ఒక్కసారి చెప్పి వెళ్లిపోతే కాదు, మళ్లీ మళ్లీ వస్తేనే జనం విన్నారని ఆ అనుభవం నేర్పింది.

కూలి పోతే ఎలా?

డెల్టాలో పని రోజులను సార్వా, దాళ్వాలే నిర్ణయిస్తాయి. ఊడ్పుల్లోనో కోతల్లోనో పగటిపూట శిబిరం పెడితే కూలి పోగొట్టుకుని వచ్చేవారెవరు? పొద్దుగూకాక పేటల్లో పరీక్షలు పెడితే కూలి ఆడవారు రాగలరు. లంక గ్రామాల వారు పడవ దాటి రావాలి. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లోని కొండరెడ్ల గూడేల నుంచి బస్సు ఎక్కడానికే ఎంతో దూరం నడవాలి. అక్కడికి మనుషులే వెళ్లాలి, వారి మాట తెలిసిన కార్యకర్తే వెళ్లాలి.

గర్భాశయ పరీక్షకు ఆడ నర్సు, చాటు గది తప్పనిసరి. ఇవి లేనిచోట సిగ్గుపడి వెనుదిరిగేవారిని తప్పు పట్టలేము.

అసలు చిక్కు

పరీక్షలో అనుమానం తేలడంతో పని అయిపోలేదు. అక్కడే మొదలవుతుంది. ముక్క తీసి పరీక్షకు పంపాలి. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. అది నిజం కాదు. ముక్క పరీక్ష లేనిదే ఏ జబ్బో, ఏ వైద్యమో తేలదు. అనుమానం వచ్చినంత మాత్రాన కేన్సర్ ఉన్నట్లూ కాదు. కేన్సర్ అంటువ్యాధి కాదు, రోగితో కలిసి తిన్నా, పక్కన పడుకున్నా రాదు.

జబ్బు తేలితే రాజానగరంలోని జీఎస్ఎల్ ట్రస్టు కేన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. సంస్థ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో సాగుతున్న పథకంలో కేన్సర్ వైద్యం ఉంది. అయితే గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున దాదాపు అయిదు వారాలు. వైద్యం ఉచితమైనా తోడు వచ్చేవారి కూలి, తిండి, ఇంటి దగ్గర పిల్లలూ గేదెలూ ఎవరు చూడాలి? సగంలో వైద్యం మానేయడానికి ఇలాంటి ఇబ్బందులే దారి తీస్తాయి. పేరు రాసుకున్న కార్యకర్తే రోగిని ఆసుపత్రి దాకా చేర్చి, వైద్యం ముగిసేదాకా కనుక్కుంటూ ఉంటే ఈ శ్రమకు ఫలం దక్కుతుంది.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

నోట్లో మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్ల లేక ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరవలేకపోవడం, రొమ్ములో నొప్పి లేని గడ్డ, చనుమొన నుంచి నెత్తురు, ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం, కలయిక తర్వాత రక్తం, ఎంతకీ తగ్గని దుర్వాసన గల తెలుపు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో ఈ జబ్బు నొప్పి పెట్టదు. ఊరి ఉపకేంద్రంలో నర్సమ్మకు గానీ ఆశా కార్యకర్తకు గానీ వెంటనే చెప్పాలి. ఇంట్లో మగవారు, అత్తగార్లు ఈ విషయంలో అడ్డు చెప్పక తోడుగా వెళ్లాలి. ముందుగా వెళ్లినవారికి చిన్న వైద్యంతో నయమయ్యే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే ఆ అవకాశం రోజురోజుకూ తగ్గిపోతుంది.