చెరువు గట్టున కరెంటుతో జాగ్రత్త

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు గాని, కోనసీమలో అల్లవరం, కాట్రేనికోన వైపు గాని రాత్రివేళ వెళ్లినవారికి రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే చప్పుడు పరిచయమే. పగలు నీటిలోని సన్నని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ నాచు, రొయ్యలు కలిసి దానిని వాడుకుంటాయి. తెల్లవారుజాముకు ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ సమయంలో ఏరియేటర్ ఆగితే పంట పోతుందన్న భయంతో, నిద్రమత్తులో, మెయిన్ ఆపకుండానే మనిషి నీటిలోకి దిగుతాడు. కరెంటు షాక్ తగిలినవారిని తీసుకువచ్చిన బంధువులు మాతో తరచుగా అనే మాట ఒకటి ఉంది: "రోజూ చేసే పనేనండి, ఎప్పుడూ ఏమీ కాలేదండి."

ఎంత కరెంటు ప్రమాదం?

60 వాట్ల బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. మన శరీరం గుండా 10 మిల్లీ ఆంపియర్లు దాటి పోతే చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్న తీగను వదలలేము. 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లకే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడిసిన చర్మం ఆ పని చేయలేదు. ఉప్పు కలిసిన నీటిలో కరెంటు మరింత సులువుగా పారుతుంది.

"మాకు ఫ్యూజు ఉంది, ఎం.సి.బి. ఉంది" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అవి కాపాడేది తీగలను, మోటారును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి షాక్ తగిలినంత మాత్రాన అది పడిపోదు.

అమర్చేటప్పుడు

మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది రెప్పపాటులో సరఫరాను ఆపివేస్తుంది. చెరువు మొత్తానికి ఒక్కటే పెడితే ఒక మోటారులో లోపానికి అన్ని ఏరియేటర్లూ ఆగిపోతాయి. అప్పుడు విసుగుతో దానిని తీసివేసి డైరెక్టుగా కలుపుతారు. అలా చేయకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం. ఒక్కొక్క ఏరియేటరుకు విడిగా అమర్చుకుంటే లోపం ఉన్నదే ఆగుతుంది, మిగిలినవి తిరుగుతాయి.

మోటారు బాడీని, స్టార్టరు పెట్టెను, ప్యానల్ బోర్డును మంచి ఎర్తుకు కలపాలి. న్యూట్రల్ తీగనే ఎర్తుగా వాడరాదు. నీటిలో ఉండే కేబులుకు మధ్యలో అతుకు ఉండరాదు. టేపు చుట్టిన అతుకులోకి నీరు చేరుతుంది. ఈ పనులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

ఇంటి ముందు తామరల తొట్టిలో చిన్న పంపు, దీపాలు పెట్టుకునేవారికీ ఇవే జాగ్రత్తలు. దీపాలు 12 వోల్టులవి తీసుకుని, ట్రాన్స్‌ఫార్మరును నీటికి దూరంగా, తడవని చోట ఉంచండి.

వాడుకలో పాటించవలసినవి

1. నీటిలో దిగే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. స్టార్టరు ఒక్కటి ఆపితే చాలదు. ఆటో స్టార్టరు ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది.
2. నెలకొకసారి ఆర్.సి.సి.బి. మీది టెస్టు బటన్ నొక్కండి. పడిపోకపోతే వెంటనే మార్చండి.
3. ఎలుకలు కొరికిన, ఎండకు పగిలిన, పడవ తగిలి నలిగిన కేబులును మార్చండి.
4. వానలో, తడి చేతులతో ప్యానల్ ముట్టవద్దు. రాత్రి ఒంటరిగా మరమ్మతు చేయవద్దు.

షాక్ తగిలితే

మొదటివాడిని రక్షించాలని దూకిన రెండవవాడు కూడా చనిపోయే ప్రమాదం ఉంది. ఎంత ఆత్రంగా ఉన్నా ముందు మెయిన్ ఆపండి. ఆపేవరకు నీటిలో దిగవద్దు, అతనిని తాకవద్దు. లైను తీగ తెగిపడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

తరువాత అతనిని గట్టుమీద గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచినా పలకక, శ్వాస సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, మరొకరు ఛాతీ నొక్కడం ప్రారంభించాలి. ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు 2 అంగుళాల లోతు నొక్కాలి. శిక్షణ పొందినవారు 30 నొక్కులకు 2 సార్లు నోటితో శ్వాస ఇవ్వవచ్చు. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు. నీళ్లు తాగించడం, అరికాళ్లు రుద్దుతూ కూర్చోవడం వలన విలువైన సమయం పోతుంది.

మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. పైకి చిన్న కాలిన మచ్చే కనిపించినా లోపల కండరాలు దెబ్బతిని ఉండవచ్చు. గుండె లయ చూడడానికి ఇ.సి.జి. తీయాలి. మూత్రం ముదురు రంగులో వస్తే మూత్రపిండాలకు ప్రమాదం. వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఈ రోజే మీ చెరువు దగ్గరకు వెళ్లి టెస్టు బటన్ నొక్కి చూడండి. మెయిన్ ఎక్కడ ఉందో, ఎలా ఆపాలో కాపలా ఉండేవారికి, ఇంట్లోవారికి చూపించండి. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.